సోర్సెస్ ఆఫ్ పవర్ (గ్యారీ క్లైన్) - 4/5
మనుషులు డెసిషన్లు ఎలా తీస్కుంటారనే దాని మీద 1998లో వచ్చిన బుక్కు, నేనిప్పుడు చదివా. రైటర్ క్లైన్ వెళ్ళి ఫైర్ ఆఫీసర్లని డెసిషన్లు ఎలా తీస్కుంటారని అడిగితే అసలు మేం డెసిషన్లే తీస్కోం అన్నారట, ఆప్షన్లు పక్కపక్కన పెట్టి పోల్చడాలేం ఉండవు, చూడగానే ఇది ఫలానా టైపని తట్టేస్తుంది, మనసులో ఒకసారి ఊహించి చూస్కుని దిగిపోతారు. అందులో ఒక ఫైర్ లెఫ్టినెంట్ (మంటలార్పే టీమ్ లీడర్) కథ మాత్రం వామ్మో, కిచెన్‌లో మంటకి నీళ్ళు కొడుతుంటే తగ్గట్లేదు, హాల్లో వేడి మరీ ఎక్కువ, చప్పుడు చూస్తే తక్కువ, ఏదో తేడాగా ఉందని అందర్నీ బయటికి పంపేశాడు, వెంటనే ఫ్లోర్ కూలింది, అసలు మంట కింద బేస్‌మెంట్‌లో ఉంది మరి! మా అమ్మ చారు వాసనకే ఉప్పు తగ్గిందనేది, అదీ ఇదేనేమో. థియరీ చాప్టర్లు కొంచెం సాగుతాయి, రెండు దాటేశా. కాపీ మూలలు నలిగొచ్చింది, మార్చమంటే సెల్లర్ వారం తిప్పాడు.