కోఠీలో పాత ఫొటోల మరమ్మతు: మరకలకు వెళ్లండి, రంగులకు వద్దు

హైదరాబాదులో కోఠీ గుజరాతీ గల్లీలో కెమెరాలు, ఆల్బములు అమ్మే దుకాణాల నడుమ, ఇరుకు మెట్లెక్కి వెళ్లవలసిన ఒక చిన్న గదిలో పాత ఫొటోలను కంప్యూటరు మీద బాగుచేసి ఇస్తున్నారు. మా ఇంటి ఫొటోలు కొన్ని అక్కడ చేయించిన మీదట, నలిగిన, చినిగిన, మరకలు పడ్డ ఫొటోలకు ఆ చోటు నిస్సందేహంగా మంచిదనీ, నలుపు తెలుపు ఫొటోలకు రంగులు వేయించుకోవడానికి మాత్రం అంత దూరం వెళ్లనక్కరలేదనీ నా అభిప్రాయం.

ముందుగా మెచ్చుకోవలసింది ఫొటోను చేతిలోకి తీసుకునే తీరు. ఫ్రేములో అద్దానికి అతుక్కుపోయిన తాతయ్య ఫొటోను చూడగానే, దాన్ని ఊడదీయనని ఆ దుకాణదారు ఖండితంగా చెప్పారు. ఫొటో పైపొర జెలటిన్ అనే జిగురు పదార్థం కావడం వల్ల వానాకాలపు చెమ్మకు మెత్తబడి అద్దాన్ని పట్టుకుంటుందనీ, బలవంతంగా లాగితే బొమ్మ అద్దానికే ఉండిపోతుందనీ ఆయన వివరణ. రెండు పక్కల నుంచి ఏటవాలుగా దీపాలు పెట్టి, వాటికీ లెన్సుకూ పోలరైజింగ్ ఫిల్టర్లు తగిలించి, అద్దం మీద మెరుపు పడకుండా కెమెరాతోనే కాపీ తీశారు. గరుకు కాగితం మీద అచ్చయిన ఫొటోలకూ ఇదే పద్ధతి పాటిస్తున్నారు. స్కానరులో పెడితే ఆ గరుకుదనమంతా తెల్లని చుక్కలుగా పడుతుంది.

మామూలు ఫొటోలను మాత్రం స్కానరులోనే, వాటి కొలతను బట్టి స్కాన్ చేస్తారు. రెండు అంగుళాల వెడల్పున్న ఫొటోను 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల (పిక్సెళ్ల) చొప్పున తీస్తే అడ్డంగా 1200 పిక్సెళ్లే వస్తాయి కనుక, 300 డీపీఐ నాణ్యతతో నాలుగు అంగుళాలకు మించి అచ్చు వేయలేము. గోడకు తగిలించే సైజు కావాలన్నందుకు చిన్న ఫొటోలను 1200 డీపీఐలో తీశారు. అట్టకు అంటించిన ఫొటో అయితే అట్టనంతా కలిపి స్కాన్ చేయడం నాకు మరీ నచ్చింది. పేరుమోసిన ఫొటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ 1886లోనే సికింద్రాబాదులో స్టూడియో తెరిచిన ఊరు ఇది. పాత ఇళ్లలోని ఫొటో ఏ కాలానిదో తెలుసుకోవడానికి ఒక్కోసారి అట్ట అడుగున ఉన్న స్టూడియో పేరే ఆధారమవుతుంది.

అసలు పనితనం నాయనమ్మ ఫొటోలో కనిపించింది. ఆమె గడ్డం మీద మూడు చుక్కల పచ్చబొట్టు ఉండేది. ఫోనులో ఉచితంగా దొరికే ఒక యాప్ అంతకుముందు ఆ చుక్కలను మరకలుగా భావించి తుడిచేసింది, ముక్కుపుడకను మసక చేసింది, డెబ్బై ఏళ్ల మనిషికి టీవీ సీరియల్ కోడలి చర్మం తెచ్చిపెట్టింది. అటువంటి యాప్‌లు పోయిన వివరాన్ని ఫొటోలోంచి వెలికితీయవు, తాము నేర్చుకున్న వేరే ముఖాల్లోంచి ఊహించి పెడతాయి. 2021లో వచ్చిన జీఎఫ్‌పీ-గ్యాన్ అనే, ఫొటోల్లో ముఖాలను బాగుచేసే ప్రోగ్రాముకు శిక్షణనిచ్చినవి ఫ్లికర్ సైటు నుంచి సేకరించిన 70,000 ముఖాల ఫొటోలు. మా నాయనమ్మ ముక్కు ఎలా ఉండేదో దానికి తెలిసే దారి లేదు. ఈ దుకాణంలో మరకలను ఫొటోషాప్‌లో చేత్తోనే ఒక్కొక్కటిగా తీస్తున్నారు. పని మధ్యలో ఆయన ఫోను చేసి, "గడ్డం మీద చుక్కలు పచ్చబొట్టా సార్, బూజు మరకలా? పచ్చబొట్టయితే ముట్టుకోను" అని అడిగారు. ఆ ఒక్క ప్రశ్నకే డబ్బులు ఇవ్వవచ్చు.

ఎర్రబారిన కలర్ ఫొటోలనూ బాగానే సరిచేశారు. బీరువాలో చీకట్లో దాచినా పాత కలర్ ప్రింట్లలో సయాన్ అనే పచ్చ కలిసిన నీలి రంగు ముందుగా వెలిసిపోయి ఎరుపు మిగులుతుంది. అమ్మ పెళ్లి ఫొటోలో మామిడాకుల తోరణం మళ్లీ పచ్చబడింది.

నిరాశపరిచింది నలుపు తెలుపు ఫొటోకు రంగులు వేసిన పని. ఇక్కడ మాత్రం ప్రోగ్రాముకే వదిలేసినట్టున్నారు: అందరిదీ ఒకే చామనఛాయ, జరీ అంచు పసుపు రంగు పట్టీ, చీర ఊదా. పాత ఫిల్ముల్లో కొన్నింటికి ఎరుపు అందదు గనుక కుంకుమ బొట్టు నల్లగా పడుతుంది. ఆ నలుపును అలాగే ఉంచేసి, ముత్తైదువ నుదుట కాటుక చుక్క పెట్టినట్టు చేశారు. చీర ఏ రంగుదని ఇంట్లో పెద్దవాళ్లను అడిగించి ఉంటే మేనత్తే చెప్పేది. పచ్చబొట్టు గురించి ఫోను చేసిన మనిషి దీని గురించి ఎందుకు చేయలేదో నాకు అర్థం కాలేదు. అడిగితే మళ్లీ చేస్తామన్నారు గానీ, నేను నలుపు తెలుపు ప్రతినే తీసుకున్నాను.

చిన్న మరకలకు 300 రూపాయలు, ముఖం మీదుగా చినిగిన ఫొటోకు 1,500 దాకా తీసుకుంటున్నారు; పనిని చూస్తే ఇది ఎక్కువ కాదు. చెప్పిన గడువు మాత్రం దాటుతుంది, సంవత్సరీకానికో షష్టిపూర్తికో కావాలంటే ముందుగానే ఇవ్వండి. పూర్తయిన ఫొటోను వాట్సాప్‌లో పంపుతామంటారు, అలా మామూలు ఫొటోగా పంపితే నాణ్యత తగ్గిపోతుంది. పెన్‌డ్రైవ్ పట్టుకెళ్లి, బాగుచేసిన ఫైలుతో పాటు ముట్టుకోని మొదటి స్కాన్‌ను కూడా నాణ్యత తగ్గని టిఫ్ ఫైలుగా అడిగి తీసుకున్నాకే మిగతా సొమ్ము చెల్లించండి.