డేవ్స్ రీడిస్ట్రిక్టింగ్: వార్డులు గీసేవాళ్లకు మంచి పనిముట్టే, చూడాల్సిన కాలమ్ తెలిస్తే

అమెరికాలో కౌన్సిల్ సీట్లన్నింటికీ ఊరంతా కలిసి ఓటేసే చోట, సంఖ్యలో తక్కువున్న వర్గం ఒక్క సీటైనా గెలవకపోవచ్చు. వాషింగ్టన్ రాష్ట్రంలోని యాకిమా నగర జనాభాలో 2010 సెన్సస్ నాటికి లాటినోలు (లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్లు) 41 శాతం. 2014లో కోర్టు అక్కడి పద్ధతిని కొట్టేశాక, 2015లో వార్డులవారీ ఎన్నికల్లో ముగ్గురు లాటినా మహిళలు గెలిచారు. అలాంటి వార్డుల మ్యాపు ఎవరైనా గీయగలిగేలా చేసిన ఉచిత సాధనం డేవ్స్ రీడిస్ట్రిక్టింగ్. బ్రౌజర్‌లోనే నడుస్తుంది.

లాగిన్ అయ్యి, రాష్ట్రాన్నీ వార్డుల సంఖ్యనూ ఎంచుకుని, ఊరి సరిహద్దులు ఆన్ చేసి ప్రిసింక్టులకు (పోలింగ్ ప్రాంతాలకు) రంగు వేయడమే. చిక్కు ఊరి అంచుల్లో వస్తుంది. అక్కడ ఒకే ప్రిసింక్టు సగం ఊళ్లో, సగం బయట ఉంటుంది. బ్లాకు (సెన్సస్ లెక్కలో అతిచిన్న ప్రాంతం) స్థాయికి దిగి వేరుచేయకపోతే బయటి జనం కూడా లెక్కలోకి వచ్చేస్తారు. సాధనం ముఖ్యంగా రాష్ట్రస్థాయి మ్యాపుల కోసం చేసింది కాబట్టి సగటు జనాభా మీరే కట్టుకోండి: 70,000 మందికి ఏడు వార్డులైతే వార్డుకు 10,000. అతిపెద్ద వార్డుకూ అతిచిన్న వార్డుకూ తేడా 1,000 దాటనివ్వకండి.

అసలు పొరపాటు జరిగేది డేటా ఎంపికలో. ఒక వర్గం మొత్తం జనాభాలో 55 శాతం కనిపించిన వార్డులో పిల్లల్నీ పౌరసత్వం లేనివాళ్లనీ తీసేస్తే ఆ వర్గం ఓటర్లు 35 శాతమే మిగలొచ్చు. వార్డుల సమానత్వానికి మొత్తం జనాభా చూడండి, గెలుపు అవకాశానికి మాత్రం ఓటు వయసు పౌరుల కాలమ్ (సీవీఏపీ). ఈ రెండూ పక్కపక్కనే దొరకడమే ఈ సాధనం గొప్పతనం. అయితే సీవీఏపీ సర్వే అంచనా, పైగా బ్లాక్ గ్రూప్ (కొన్ని బ్లాకుల సమూహం) స్థాయిలో వచ్చిన అంకెను కింది బ్లాకులకు పంచుతారు. 51 శాతం కనిపించగానే వార్డు మనదే అనుకోవద్దు.

జైలున్న ఊళ్లలో ఇంకా జాగ్రత్త. సెన్సస్ ఖైదీల్ని జైలున్న చోటే లెక్కిస్తుంది. ఆయోవాలోని అనమోసాలో ఒక వార్డు జనాభా దాదాపు అంతా ఓటు లేని ఖైదీలే కావడంతో, 2005లో ఒకాయన రెండు ఓట్లతో కౌన్సిల్ సీటు గెలిచారు.

విశ్లేషణ పేజీలోని మార్కుల్ని ఊరి మ్యాపుకు నమ్మొద్దు. పార్టీ గుర్తుల్లేని కౌన్సిల్ ఎన్నికలకు పార్టీల ఓట్ల లెక్క పెద్దగా పనికిరాదు. సమర్పించే ముందు ఊళ్లో ఏ వార్డుకూ చేరని బ్లాకులు మిగిలాయేమో, వార్డుల్లో ఏదైనా రెండు ముక్కలైందేమో చూసి, బ్లాకులవారీ సీఎస్‌వీ ఫైలు (పట్టిక రూపంలోని డేటా) దింపుకోండి. బొమ్మ ఒక్కటే పంపితే నగర సిబ్బంది జనాభా సరిచూడలేరు.