సోలార్ పెట్టించి ఐదేళ్లు: వీధిలో కరెంటు పోతే మా ఇంట్లోనూ పోతుంది

మా డాబా మీద మూడు కిలోవాట్ల సోలార్ పెట్టించింది 2020 డిసెంబరులో. ఏ కంపెనీ ప్యానెల్ మంచిది, సబ్సిడీకి ఎలా అప్లై చేయాలి లాంటివి ఇప్పటికే అందరూ చెప్పేశారు, నేను మళ్లీ ఎత్తను. నా గొడవంతా ఒక్క మాటతోనే. ఆ మాట 'ఇన్వర్టర్'.

మన ఇళ్లలో ఇన్వర్టర్ అంటే ఏమిటి? మెట్ల కింద బ్యాటరీ పక్కన ఉండే పెట్టె. కరెంటు పోగానే టక్కున ఫ్యాన్లు తిప్పేది. సోలార్ పెట్టడానికి వచ్చిన కుర్రాడు లిస్టు చదువుతూ "ప్యానెళ్లు తొమ్మిది, స్టాండు, కేబుళ్లు, ఇన్వర్టర్ సార్" అన్నాడు. ఓహో, ఇన్వర్టర్ కూడా వాళ్లే ఇస్తున్నారన్నమాట అనుకున్నాను. ఇక పాతది ఎందుకని మా ఇన్వర్టర్‌నీ, కొని ఏడాది కూడా కాని బ్యాటరీనీ మా బావమరిదికి ఇచ్చేశాను. ఆ కుర్రాడి కళ్ల ముందే ఆటో ఎక్కించాం. చూశాడు, కానీ ఒక్క మాట అనలేదు.

సోలార్ ఇన్వర్టర్ పనే వేరు. ప్యానెళ్ల కరెంటును మార్చి వీధి లైనుతో కలపడం దాని పని. ఆ లైను బతికి ఉంటేనే ఇదీ బతుకుతుంది. లైను చచ్చిందా, నడినెత్తిన సూర్యుడున్నా సరే, క్షణాల్లో ఆగిపోతుంది. బ్యాటరీ లేకుండా గ్రిడ్‌కి, అంటే ఆ వీధి లైనుకి కలిపే సిస్టమ్‌లు దాదాపు అన్నీ ఇంతే. ఇది నాకు మొదటి కరెంటు కోత రోజున తెలిసింది.

అయినా మూడున్నరేళ్లు పెద్దగా పట్టించుకోలేదు. బిల్లు ఆ మత్తులో ఉంచింది. వేసవిలో మూడున్నర వేలు దాటేది కాస్తా మూడొందల లోపుకి దిగితే ఎవరికి మాత్రం కోపం వస్తుంది? ఏడాది మొత్తం మీద సగటున రోజుకు పన్నెండు యూనిట్లు వస్తున్నాయి. ముసురు పట్టిన రోజుల్లో ఐదారుకి పడిపోతుంది. మే నెలలో ఎండ మండిపోతుంటే ఇంకా ఎక్కువ రావాలిగా అనుకుంటాం, కానీ మా ఇంట్లో మార్చిదే పైచేయి. వేడెక్కేకొద్దీ ప్యానెల్ నీరసపడుతుంది, ఒక్కో డిగ్రీకి దాదాపు 0.4 శాతం చొప్పున. ఇవన్నీ చిన్న విషయాలు. ఆఫీసులో కనిపించిన ప్రతివాడికీ "కరెంటు బెంగ తీరిపోయింది" అని చెప్పుకు తిరిగాను. నా మాట నమ్మి ఇద్దరు పెట్టించుకున్నారు కూడా.

ఆ మాటను ఇప్పుడు కొంచెం దిద్దుకోవాలి. తీరింది బిల్లు బెంగ మాత్రమే.

మాది విజయవాడ పాయకాపురం. 2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు వాగు పొద్దున వీధిలోకి వచ్చింది, మధ్యాహ్నానికి మా కింది వాటాలోకి వచ్చింది. కరెంటు ముందే తీసేశారు. తీయకపోతే ప్రాణాలు పోయేవి, అందులో తప్పు పట్టేదేం లేదు. కింద అద్దెకుండేవాళ్లు, ఎదురింటి మామ్మగారు, ఆవిడ మనవరాలు, మేము నలుగురం, మొత్తం పదకొండు మందిమి పై వాటాలో. గ్యాస్ ఉంది, బియ్యం ఉన్నాయి, తాగే నీళ్లు పొదుపుగా వాడాం. సోమవారం మధ్యాహ్నానికల్లా ఫోన్లన్నీ చచ్చాయి.

మంగళవారం కాసేపు ఎండ కాసింది. ప్యానెళ్లను వాన కడిగేసింది, అద్దాల్లా మెరుస్తున్నాయి. మామూలు రోజైతే ఆ ఎండకి గంటకు రెండు యూనిట్లు పడేవి. మామ్మగారు ఫోన్ పట్టుకుని డాబా మీదికి వచ్చారు. వాళ్లబ్బాయి బెంగళూరులో ఉంటాడు, తల్లి గొంతు విని రోజు దాటిపోయింది.

"బాబూ, మీకు సోలార్ ఉందిగా. కాస్త ఛార్జింగ్ పెట్టు నాయనా."

నాకు సంగతి తెలుసు. అయినా ఆవిడ ముందు లేదనలేక ఇన్వర్టర్ దగ్గరికి వెళ్లి చూశాను. ఎర్ర లైటు. తెర మీద గ్రిడ్ లేదన్న మెసేజ్. ఆ తెర వెలగడానికి మాత్రం ప్యానెళ్ల కరెంటు సరిపోతోంది మరి! ఫోన్‌కే లేదు.

"వీధిలో కరెంటు వస్తేనే ఇది పనిచేస్తుంది మామ్మగారూ" అన్నాను.

ఆవిడ ప్యానెళ్ల వంక చూశారు, నా వంక చూశారు. "వీధిలో కరెంటు వచ్చాక ఇక ఇదెందుకు నాయనా?"

వెటకారం కాదు, నిజంగానే అడిగారు. బిల్లు, యూనిట్లు, పంపిందీ తీసుకున్నదీ లెక్కగట్టే నెట్ మీటర్ అంటూ ఏదో మొదలుపెట్టి మధ్యలోనే ఆపేశాను. చివరికి సింగ్‌నగర్ ఫ్లైఓవర్ వైపు నుంచి పడవలో పాలప్యాకెట్లు తెచ్చిన కుర్రాడు తన పవర్ బ్యాంకు ఇస్తే, పది నిమిషాలు ఛార్జ్ చేసి ఆవిడ కొడుకుతో మాట్లాడారు. లక్ష పైచిలుకు పోసి పెట్టించిన సామాను కింద నిలబడి ఆ పవర్ బ్యాంకు అడుక్కున్నది నేనే.

మా వీధికి ఆరో రోజున కరెంటు ఇచ్చారు. మోకాలు లోతు నీళ్లలో వచ్చి స్తంభం దగ్గర పనిచేస్తున్న లైన్‌మన్ దగ్గర నా అక్కసంతా వెళ్లగక్కాను. ఆయన విని, "ఎల్‌సీ, అంటే లైన్ క్లియర్ తీసుకుని, లైనులో కరెంటు లేదన్న ధైర్యంతో పైన చెయ్యి వేస్తాం సార్. మీ డాబా మీంచి వస్తే? ట్రాన్స్‌ఫార్మర్‌లో వెనక్కి ఎక్కి పదకొండు వేల వోల్టులవుతుంది" అన్నాడు. దీనికి యాంటీ ఐలాండింగ్ అని పేరు, అంటే ఇల్లు ఒంటరి దీవిలా కరెంటు నడుపుకోకుండా ఆపేది. మా ఇల్లు నిజంగానే దీవి అయిన వారంలో ఆ పేరు వినాల్సి వచ్చింది.

ఆ మాటతో సగం కోపం దిగిపోయింది. మిగతా సగం మాత్రం నా బ్యాటరీ ఆటో ఎక్కుతుంటే నోరు విప్పని ఆ కుర్రాడి మీద అలాగే ఉంది.

ఇంకో సంగతి. మునిగిన నెట్ మీటర్ స్థానంలో తాత్కాలికంగా మామూలు మీటరు బిగించారు. అది మేం బయటికి పంపే యూనిట్లను కూడా వాడకం కింద లెక్కేసింది. బిల్లు చూసి గుండె గుభేలుమంది. నెట్ మీటర్ వచ్చేదాకా సోలార్ ఆఫ్ చేసుకు కూర్చున్నాం.

అప్పటి నుంచి నాకు ఇంకోటి కూడా కనిపిస్తోంది. పగలు మా ప్యానెళ్లు పంపుతాయి, రాత్రి మేం తీసుకుంటాం. నెలాఖరుకి లెక్క సరిపోతుంది. కానీ రాత్రి తొమ్మిదింటికి మా ఏసీ తిరిగేది ఎక్కువగా బొగ్గు కరెంటు మీదే. నేను ప్యానెళ్లు బిగించుకునే రోజుల్లోనే మా పక్కన ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రంలో 800 మెగావాట్ల కొత్త యూనిట్ కడుతున్నారు. దేశం లెక్కా ఇంతే. 2025 జూన్ నాటికి స్థాపిత సామర్థ్యంలో, అంటే కేంద్రాలన్నీ కలిసి తయారు చేయగలిగినదాంట్లో, సగం బొగ్గు, గ్యాసు కానిదే. 2024-25లో నిజంగా తయారైన యూనిట్లు చూస్తే మాత్రం పదిలో ఏడుకు పైగా బొగ్గువే. పగటి కరెంటు దాచుకునే చోటు లేకపోవడమే దేశానికీ, మా ఇంటికీ ఉన్న జబ్బు. కర్నూలు వైపు పిన్నాపురంలో పగలు నీళ్లు పైకి తోడి రాత్రి కిందికి వదిలే ప్రాజెక్టు చేపట్టింది అందుకే. దేశం కూడా తన బ్యాటరీ కొనుక్కుంటోంది, నాలాగా ఆలస్యంగా.

నాలాగా అన్నాను గానీ నేనింకా కొనలేదు. వీధిలో కరెంటు పోయినా బ్యాటరీతో నడిచే హైబ్రిడ్ ఇన్వర్టర్‌కి మార్చి లిథియం బ్యాటరీ పెట్టడానికి లక్షన్నర అవుతుందన్నారు. వరదలో ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, రెండు బళ్లు పోయాయి, వాటి అప్పే ఇంకా తీరలేదు. ప్రస్తుతానికి రెండు పవర్ బ్యాంకులు, ఒక ఛార్జింగ్ లైటు కొన్నాను.

పెట్టించుకోవాలా అని అడిగితే నేను ఇప్పటికీ పెట్టించుకోమనే అంటాను. సొంత డాబా ఉండి, నీడ పడకుండా, నెలకు రెండు వందల యూనిట్లు దాటి వాడే ఇల్లయితే. ఇప్పుడు మూడు కిలోవాట్లకు కేంద్రం సబ్సిడీ 78 వేలు, నాకప్పుడు అంత రాలేదు. పల్లంలో ఉంటున్నా, ఇంట్లో ఆక్సిజన్ మిషను లాంటిది ఉన్నా నా అనుభవం చూసి నిర్ణయించుకోకండి, మొదటి రోజునుంచే బ్యాటరీతో కలిపి లెక్క వేసుకోండి. అద్దె ఇళ్లవాళ్లకి నేను చెప్పగలిగిందేమీ లేదు.

2025 అక్టోబరులో మొంథా తుపాను రాత్రి మా వీధిలో కరెంటు పోయింది. బావమరిది ఇంట్లో మా పాత బ్యాటరీ ఇంకా లాగుతోందట. వాళ్లకి ఫ్యాన్లు తిరుగుతున్నాయని ఆ రాత్రి మా ఆవిడ రెండుసార్లు చెప్పింది.