పద్దెనిమిదేళ్ల తర్వాత బండెక్కాను: కోనసీమలో రెండు రోజులు, అద్దె బండితో గొడవ

ముందే చెప్పేస్తున్నాను. బండి అద్దెకు తీసుకునేటప్పుడు "చాలా ఏళ్లయిందండీ నడిపి" అని మాత్రం నోరు జారకండి. ఆ ఒక్క మాట అన్నందుకు రాజమండ్రిలో నాకు వెయ్యి రూపాయలు పోయాయి. డబ్బు సంగతి అలా ఉంచితే, ఆ మాటనే పట్టుకుని షాపతను మా ఆవిడ ముందు మాట్లాడిన తీరు ఇప్పటికీ మింగుడుపడడం లేదు.

నా స్ప్లెండర్ అమ్మేసింది 2006లో. హైదరాబాద్ బదిలీ, కారు, పిల్ల చదువు. మళ్లీ బండి ముట్టుకోలేదు. లైసెన్సులో కారుతో పాటు టూ వీలర్ కూడా ఉంది కాబట్టి పోయినేడు రెన్యువల్‌లో రెండూ వచ్చేశాయి. నలభై దాటినవాళ్లు డాక్టరు సంతకంతో ఫారం 1ఎ ఇవ్వాలి. గడువు తీరి ఏడాది దాటిపోతే మాత్రం మళ్లీ టెస్టే, చూసుకోండి.

డిసెంబరులో అత్తగారి తరఫు పెళ్లికి రాజమండ్రి వెళ్లాం. పెళ్లయ్యాక రెండు రోజులు మిగిలాయి. బండి మీద కోనసీమ తిరిగొద్దాం అన్నాను. బావమరిది బండేమో ఇంకా పెళ్లివారి పనుల్లోనే తిరుగుతోంది. అందుకే అద్దె బండి. మా ఆవిడ సరేనంది గానీ ఇష్టంగా అనలేదు.

150 సీసీ బండి, రోజుకు 900, డిపాజిట్ 5,000. వెనక టైరు చేత్తో తడిమితే నున్నగా ఉంది. హెల్మెట్ ఒక్కటే ఇచ్చారు, దానికి గడ్డం కింద క్లిప్పు పడదు. వెనక కూర్చునేవాళ్లకూ హెల్మెట్ ఉండాలి కాబట్టి బజార్లో ఐఎస్ఐ మార్కుది 950 పెట్టి కొన్నాను. క్లిప్పు పడనిది షాపులోనే వదిలేసి, బావమరిది హెల్మెట్ నేను పెట్టుకున్నాను. టైరు సంగతి అడిగితే "ఇంకా ఐదువేల కిలోమీటర్లు వస్తుంది సార్" అన్నాడు. అప్పుడే వెనక్కి ఇచ్చేసి రావాల్సింది. కానీ తాళం చేతికొచ్చాక మనసు ఆగలేదు.

చేతులు ఏమీ మర్చిపోలేదు. క్లచ్, యాక్సిలేటర్ నిన్న వదిలినట్టే ఉన్నాయి. ఇబ్బందంతా ఎడమ కాలితోనే. స్ప్లెండర్‌లో నాలుగు గేర్లూ ముందుకి తొక్కడమే. ఈ బండికి ఫస్ట్ ఒక్కటే కిందికి, మిగతావన్నీ కాలి వేళ్లతో పైకి లేపాలి. దేవీ చౌక్ దగ్గర సెకండ్‌లో ఉండి థర్డ్ అనుకుని ముందుకి తొక్కాను. ఫస్ట్ పడింది. ఇంజను అరిచింది, బండి ఒక్క ఊపు ఊపింది, మా ఆవిడ హెల్మెట్ వచ్చి నా హెల్మెట్‌కి ఠంగున తగిలింది. "ఏమండీ, ఆటోలో పోదామా?" అంది. ధవళేశ్వరం దాకా ఇంకేమీ మాట్లాడలేదు.

బ్యారేజీ ఎక్కాక ఆమె మనసు కాస్త మెత్తబడింది. 175 గేట్ల బ్యారేజీ. ఇప్పుడున్నది కొత్త కట్టడం. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తి చేసిన ఆనకట్ట వల్లే ఈ డెల్టాకి నీళ్లు పారాయి. కారులో ఎన్నోసార్లు ఈ దారిన వెళ్లాను గానీ నీటి వాసన ఇంత దగ్గరగా ఎప్పుడూ తెలియలేదు. అక్కడే ఇంకోటి కూడా తెలిసింది. యాక్సిలేటర్ తిప్పితే ఇంజను శబ్దం పెరుగుతోంది, వేగం పెరగడం లేదు. నా కాలిదే తప్పేమో అనుకున్నాను.

బొబ్బర్లంక, లొల్ల లాకులు, ఆత్రేయపురం దారి ఉదయం తొమ్మిదిలోపు చాలా బాగుంటుంది. ఆత్రేయపురంలో బెల్లం పూతరేకులు పది 200. పంచదారవి తీసుకోకండి, బెల్లానివే తినాలి.

కొత్తపేట దాటాక అసలు పరీక్ష మొదలైంది. సార్వా (ఖరీఫ్ వరి) కోతలు అయిపోయాయి, సగం రోడ్డు ఆరబోసిన ధాన్యమే. అంచున ఇటుకలు, తాటిమట్టలు, ఒక పక్క తార్పాలిన్లు. ఎదురుగా బస్సొస్తే ధాన్యం మీదికి దిగక తప్పదు. ఆ గింజల మీద టైరు పట్టు దొరకదు. నేను దిగాక బ్రేకు వేశాను. నున్నటి వెనక టైరు పక్కకి జారింది. రెండు కాళ్లూ ఆనించి ఎలాగో నిలబెట్టాను. మా ఆవిడ వేళ్లు నా భుజంలో దిగబడ్డాయి. ఒడ్డున పార పట్టుకున్న పెద్దాయన "దిగక ముందే స్లో చేసుకోవాలండీ, దిగాక తిన్నగా పోనివ్వాలి, అంతే" అన్నాడు. నవంబరు, డిసెంబరుల్లోనూ, దాళ్వా (రబీ వరి) కోతలప్పుడు ఏప్రిల్‌లోనూ ఈ దారిన బండి మీద వచ్చేవాళ్లు ఆ మాట గుర్తుంచుకోండి.

అమలాపురంలో ఏసీ గది 1,400, శుభ్రంగా ఉంది. సాయంత్రం బండిని ఓ మెకానిక్‌కి చూపించాను. పాతికేళ్ల కుర్రాడు. హ్యాండిల్ దగ్గర క్లచ్ లివర్ని ఒక్క వేలితో లాగి చూసి నవ్వాడు. "ఆడటానికి ఖాళీ లేదండి, తీగ బిగించేశారు." లివర్ కొంచెం వదులుగా ఉండాలట. లేకపోతే క్లచ్ ఎప్పుడూ సగం నొక్కినట్టే ఉండి ప్లేట్లు జారుతూ అరుగుతాయట. తర్వాత థర్డ్ గేర్ వేసి, బ్రేకు గట్టిగా పట్టుకుని క్లచ్ వదిలాడు. ఇంజను ఠక్కున ఆగిపోవాలి. ఆగలేదు, గుర్రుమంటూ కాసేపు తిరిగింది. "ప్లేట్లు ఎప్పుడో పోయాయి సార్, ఇది మీ ఒక్క రోజు పని కాదు" అన్నాడు. తీగ సరిచేసినందుకు 50 తీసుకున్నాడు. ఇదంతా మా ఆవిడ ఫోన్లో వీడియో తీసింది. ఊరికే తీసిందట. బండి అద్దెకు తీసుకునే ప్రతివాళ్లూ ఆ థర్డ్ గేర్ పరీక్ష షాపు ముందే చేసి చూసుకోవాలని నా మాట.

రెండో రోజు బోడసకుర్రు వంతెన, పాశర్లపూడి మీదుగా రాజోలు. 1995లో గ్యాస్ బావి బ్లో అవుట్ అయి మంటలు 65 రోజులు మండిన పాశర్లపూడి ఇదే. రాజోలు దాటాక రోడ్డు పక్క ఒక పెంకుటింట్లో భోజనం, మనిషికి 120. నిజానికి టీ కోసం ఆగాం. లోపల్నించి ఆవపిండి ఘాటు వచ్చేసరికి మా ఆవిడే హెల్మెట్ తీసి కూర్చుంది. కంద బచ్చలి కూర, ఆవ పెట్టింది. కంద నోట్లో వేసుకుంటే వెన్నలా విడిపోతోంది, బచ్చలి కాడ మాత్రం పంటికి తగులుతోంది, చింతపండు పులుపు వెనకాలే ఆవ ముక్కుకెక్కుతోంది. పక్కన పచ్చిమిర్చి వేసి రోట్లో నూరిన కొబ్బరి పచ్చడి. "ఆయ్, ఇంకాస్త వేసుకోండమ్మా, మొహమాటపడకండి" అంటూ ఆ ఇంటావిడ మూడుసార్లు వడ్డించింది. రెండు రోజుల్లో మా ఆవిడ మొదటిసారి నవ్వింది అక్కడే. పెళ్లి భోజనం కంటే ఇదే బాగుందని చెల్లెలికి ఫోన్ చేసి మరీ చెప్పింది.

అంతర్వేదిలో నరసింహస్వామి దర్శనం పావుగంటలో అయింది. గోదావరి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు వైపు ఇసుకలోకి బండి తీసుకెళ్లకండి, నడిచి వెళ్లండి.

తిరుగు ప్రయాణం సఖినేటిపల్లి నుంచి నరసాపురానికి పంటు మీద, అంటే బండ్లనీ మనుషులనీ నది దాటించే పెద్ద పడవ. అక్కడ సముద్రపు పోటు పాట్లకు నీటి మట్టం మారుతుంది, దాంతో ఎక్కే చెక్కల వాలూ మారుతుంది. మేం వెళ్లేసరికి చెక్కలు తడిగా, బురదగా ఉన్నాయి. గుండె దడదడలాడింది. మా ఆవిడ దిగి నడిచింది. పంటు కుర్రాడు "బ్రేకు ముట్టుకోకండి సార్, ఫస్ట్‌లో ఆగకుండా ఎక్కించేయండి" అన్నాడు. క్లచ్ మెల్లగా వదిలాను. టైరు ఒకసారి గీరుకుంది, పట్టుకుంది, ఎక్కేసింది. మెకానిక్ కుర్రాడి 50 రూపాయల పని లేకపోతే ఆ చెక్క మీదే ఆగిపోయేవాణ్ని. బండికీ ఇద్దరికీ కలిపి 60. నది మధ్యకి వచ్చాక మా ఆవిడ పక్కకొచ్చి నిలబడి "బానే ఎక్కించారు" అంది.

పాలకొల్లు క్షీరారామం, స్వర్ణ వరి రకం పుట్టిన మార్టేరు, సిద్ధాంతం వంతెన దాటి చీకటి పడేలోపు రాజమండ్రి. మొత్తం 215 కిలోమీటర్లు, పెట్రోలు 540.

షాపులో అతను ఒక రౌండు కొట్టి వచ్చి, "క్లచ్ ప్లేట్లు కాల్చేశారు సార్. మీకు అలవాటు తప్పిందని మీరే చెప్పారుగా" అని డిపాజిట్‌లో 1,800 పట్టుకున్నాడు. బ్యారేజీ చేరేసరికే జారుతున్న ప్లేట్లు నేను కాల్చినవా? మామూలుగా నడిపితే 215 కిలోమీటర్లలో ఎవరి బండికైనా ప్లేట్లు అరిగిపోతాయా? నాకు కోపంతో మాట తడబడింది. మా ఆవిడ ముందుకొచ్చి ఫోన్ టేబుల్ మీద పెట్టి ఆ వీడియో వేసింది. "మా ఆయనకి అలవాటు తప్పింది నిజమే బాబూ. నీ బండికి తీగ బిగించింది ఎవరు?" అంది. పక్కనున్న ఇద్దరు కస్టమర్లు తొంగిచూశారు. 800 తిరిగిచ్చాడు. మిగతా వెయ్యి ఎంత అడిగినా ఇవ్వలేదు. వెనక టైరు గురించి నోరే విప్పలేదు.

సంక్రాంతికి మళ్లీ వెళ్తున్నాం. ఈసారి బావమరిది బండి ఇస్తానన్నాడు. క్లచ్ తీగ ఎప్పుడు మార్చాడో మా ఆవిడ ఫోన్లో ముందే అడిగేసింది.