ఎండిన అప్పడం, కాల్చిన అప్పడం: మూడేళ్ల తర్వాత నా కారు లెదర్ సీట్లు

నాది 2009 మోడల్ హోండా అకార్డ్. 2021 చివర్లో విశాఖ ఎంవీపీ కాలనీలో ఒక రిటైరైన పెద్దాయన దగ్గర కొన్నాను. ఇంజిన్ బంగారం. ఆయన తిప్పింది తక్కువ, నిలబెట్టింది ఎక్కువ. అదీ షెడ్డులో కాదు, ఇంటి ముందు రోడ్డు మీద, పడమటి ఎండకు. హుద్‌హుద్ తుఫాను వచ్చిన రోజు, 2014 అక్టోబరు 12న, వెనక అద్దం పగిలి సీటంతా వానకు నానిందట. తర్వాత నాలుగు తలుపులూ తీసి ఎండలో ఆరబెట్టారట. నానిన తోలును ఎండలో గబగబా ఆరబెడితే ఏమవుతుందో తెలియాలంటే ఆ వెనక సీటు చూడాల్సిందే. వేలితో కొడితే టకటకమనేది. కూర్చుంటే కింద ఫోమ్ దిగేది గానీ, పైన తోలు అట్టముక్కలా వంగనని మొండికేసేది.

గాజువాక ఆటోనగర్‌లో సీట్లు కుట్టే అతనికి చూపించాను. గోరుతో గీకి, "ఇదేటి సార్, అప్పడంలాగైపోనాది. పీకేసి కొత్తది వేయించేసుకోండి" అన్నాడు. రెక్సిన్ అయితే పదహారు వేలు, అసలు తోలైతే డెబ్బై వేల పైమాటే. కారుకు పెట్టిందే రెండు లక్షల చిల్లర. సీట్లకు డెబ్బై వేలని చెబితే ఇంట్లో ముందు నన్ను పీకేస్తారు.

మా తాతయ్య కిర్రు చెప్పులకు ఆముదం పట్టించి రాత్రంతా గోడకు ఆనించేవాడు. పొద్దుటికి మెత్తబడేవి. అది గుర్తొచ్చి ఒక హెడ్‌రెస్ట్‌కి ఆముదం రాశాను. వారమైనా ఇంకలేదు, జిడ్డు జిడ్డుగా పైనే ఉండిపోయింది. ఆ జిడ్డుకి బీచ్ రోడ్డు దుమ్మంతా అంటుకుంది. తర్వాత అర్థమైంది, తాతయ్య చెప్పుల తోలుకు పైన ఏ పూతా లేదు. కారు సీటు తోలుకు రంగు, ఆ రంగు మీద పాలీయురెథేన్ అనే ప్లాస్టిక్ లాంటి పూత ఉంటాయి. ఒక నీటి చుక్క వేసి చూస్తే తెలిసిపోతుంది. చుక్క ముత్యంలా నిలబడితే పూత బాగున్నట్టు, నూనె కూడా అక్కడ అలాగే నిలబడుతుంది. చుక్క ఇంకి తోలు నల్లబడితే పూత అరిగినట్టు. నా డ్రైవర్ సీటు మీద ఇంకింది, వెనక సీటు పగుళ్లలో ఇంకింది, మిగతా చాలా చోట్ల నిలబడింది.

ఇంకో సంగతి. మీ సీటు అసలు తోలేనా అన్నది ముందు చూసుకోండి. చాలా కార్లలో ఆనుకునే, కూర్చునే చోట మాత్రమే తోలు ఉంటుంది, పక్కలు, వీపు వెనక భాగం వినైల్, అంటే రెక్సిన్ లాంటిదే. అంచు దగ్గర మడత తిప్పి లోపలి వైపు చూస్తే, తోలైతే పీచుపీచుగా ఉంటుంది, వినైల్ అయితే బట్ట కనిపిస్తుంది. వినైల్‌కి ఎంత నూనె పోసినా దండగే. నేను పక్కలకి కూడా రాసి కొంత నూనె అలా వృథా చేశాను.

డాలస్‌లో ఉండే మా బావమరిది వస్తూ సూట్‌కేసులో లెదరీక్ అనే కంపెనీ వాళ్ల రెజువనేటర్ ఆయిల్ (ఎండిన తోలుకు పట్టించే నూనె), దాంతోపాటు తర్వాత తుడవడానికి వాడే ప్రెస్టీన్ క్లీన్ తెచ్చాడు. 2022 ఏప్రిల్లో పని మొదలుపెట్టాను. ఏప్రిల్ అని పట్టుబట్టడానికి కారణం ఉంది. ఈ నూనెకు వేడి కావాలి. మన ఎండల్లో అద్దాలు మూసిన కారులో ఎండ తగిలే చోట 60 డిగ్రీలు దాటడం పెద్ద విషయం కాదు. పైగా ఇక్కడ జూలై వచ్చిందంటే బీరువాలో బెల్టుకి కూడా బూజు పడుతుంది. ఆ కాలంలో తోలుకు నూనె రాయడమంటే బూజును పిలిచి భోజనం పెట్టడమే.

ముందు వాక్యూమ్ కొట్టి, మెత్తటి బ్రష్షుతో లెదర్ క్లీనర్ నురగ రుద్ది తుడిచాను. బట్టల సబ్బు, గిన్నెల సబ్బు వద్దు. తోలు సహజంగా కాస్త ఆమ్ల గుణంలో ఉంటుంది, క్షారం ఎక్కువున్న సబ్బు దానికి పడదు. తర్వాత గ్లౌజులు వేసుకుని నూనెను అరచేత్తో పట్టించాను, చంటిపిల్లకి నలుగు పెట్టినట్టు. కుట్ల దగ్గర, పగుళ్ల దగ్గర ఎక్కువసేపు. పైన పెద్ద చెత్త కవర్లు చీల్చి కప్పి, రెండు రోజులు ఎండలో వదిలేశాను. కవర్ తీస్తే జిగురులాంటి గోధుమరంగు మురికి పైకి తేలి ఉంది. పదేళ్ల చెమట అది. ప్రెస్టీన్ క్లీన్‌తో తుడిస్తే నాలుగు తువ్వాళ్లు పాడయ్యాయి. ఇంట్లో వాటి లెక్క ఇప్పటికీ అడుగుతున్నారు.

మొదటి విడతకు డ్రైవర్ సీటు నమ్మలేనంత మారింది. వెనక సీటు అంతగా మారలేదు. రెండో విడతలో ఆటోనగర్ అతన్నే బతిమాలి వెనక సీటు కింది భాగం కవర్ ఊడదీయించాను. ఇనుప రింగులు కత్తిరించి తీశాడు. లోపలి వైపు పూత ఉండదు కాబట్టి అటునుంచి రాస్తే తోలు ఎండు నేల నీళ్లు తాగినట్టు తాగేసింది. మొత్తం పనిలో అన్నిటికంటే బాగా ఫలించింది ఇదే. కొన్ని కార్లలో తోలు వెనక పలచటి ఫోమ్ అతికించి ఉంటుంది, అక్కడ ఈ ఉపాయం పనిచేయదు. ముందు సీట్ల పక్కన ఎయిర్‌బ్యాగ్ ఉంటే ఆ కవర్ జోలికి మాత్రం పోకండి, ఆ కుట్లు ఎయిర్‌బ్యాగ్ చీల్చుకుని వచ్చేలా వేసినవి.

తోలు పదును చేసేటప్పుడే దానికి నూనెలు పట్టిస్తారు. అవి ఉన్నంతకాలం లోపలి పోగులు ఒకదాని మీద ఒకటి జారతాయి, అందుకే తోలు వంగుతుంది. అవి పోయి ఎండితే పోగులు అతుక్కుంటాయి. ఇది ఎండిన అప్పడం. తడి తగిలితే మళ్లీ మెత్తబడుతుంది. వేడికి పోగులే ముడుచుకుపోతే తోలు కొలతే తగ్గిపోతుంది, కుట్ల దగ్గర లాగి చీలుతుంది. ఇది కాల్చిన అప్పడం. దాన్ని మళ్లీ పచ్చి అప్పడం చేయలేం. నా వెనక సీటు పై అంచు, అద్దం కింద రోజంతా ఎండ తినే ఆ జానెడు ముక్క, ఈ రెండో రకం. నాలుగు విడతలు రాశాను. అంగుళం కూడా కదల్లేదు. అందులో నూనె తప్పేమీ లేదు, ఆశపడింది నేను.

ఆ ఏడాది జూలైలో అనుకున్నంతా అయింది. నూనె పూర్తిగా తుడవని మడతల్లో తెల్లటి బూజు. పొడిబట్టతో తుడిచి, ఎండ కాసినప్పుడల్లా తలుపులు తీసి గాలి తగలనిచ్చాను. మళ్లీ రాలేదు. ఇప్పుడు నూనె రాశాక మూడుసార్లు తుడుస్తాను, అరచేయి పెడితే జిడ్డు తగలకూడదు. నెల రోజులు వాసన కూడా ఉండేది, మా అమ్మ "కొట్టు తెరిచావా ఏంటి" అనేది.

మూడేళ్ల తర్వాత లెక్క ఇదీ. డ్రైవర్ సీటు ఇప్పటికీ మెత్తగానే ఉంది. వెనక కింది భాగం కొత్తదానిలా కాదుగానీ, భీమిలి దాకా వెళ్లొచ్చినా ఎవరూ విసుక్కోరు. పూత బాగున్న ముందు ఎడమ సీటులో వచ్చిన మార్పు నూనె వల్లా, ఉత్త శుభ్రం వల్లా అంటే, శుభ్రం వల్లేనని నా అనుమానం. పాత పగుళ్లు ఎక్కడికీ పోలేదు. వాటిని నీటి ఆధారిత ఫిల్లర్‌తో పూడ్చి రంగు వేయించాను, అది వేరే పని, వేరే ఖర్చు. అన్నీ కలిపి పదకొండు వేలు దాటలేదు. ఇప్పుడు ఏటా ఏప్రిల్లో ఒక్కసారి పలచగా రాస్తాను, ముందద్దానికి సన్‌షేడ్ పెడతాను, నీడ దొరికితే మరో నాలుగడుగులు నడవాల్సి వచ్చినా అక్కడే ఆపుతాను.

వెనక పై అంచు ముక్కను మాత్రం మార్పించక తప్పడం లేదు. పోయిన వారం ఆటోనగర్ వెళ్లాను. లేత గోధుమరంగులో నాలుగు రకాలు చూపించాడు. ఏదీ కలవలేదు. "ఎండలో పెట్టండి సార్, రెండేళ్లకి అదే కలిసిపోద్ది" అంటున్నాడు.