బి పెట్టాలా, సి పెట్టాలా?

ఒంగోలులో బ్యాంకు పరీక్షకు చదువుతున్న మా తమ్ముడు నిన్న రాత్రి ఒక ఇంగ్లిష్ ప్యాసేజీ దగ్గర ఆగిపోయాడు. మన ఒంగోలు పశువుల గురించే. బ్రెజిల్ వెళ్లి అక్కడ ‘నెలోర్’ పేరుతో స్థిరపడ్డాయి, ఎండను తట్టుకుంటాయి కాబట్టి రైతులు ఇష్టపడ్డారు అని ఉంది. ఎందుకు ఇష్టపడ్డారన్నది ప్రశ్న. ఇచ్చిన జవాబుల్లో ఎ, డి చూడగానే పోయాయి.

బి: వేడి వాతావరణానికి ఓర్చుకుంటాయి.
సి: అన్ని జాతుల కంటే ఎండను బాగా తట్టుకుంటాయి.

వాడి చెయ్యి సి మీదకే పోయింది. ప్యాసేజీలోని ‘ఎండ’, ‘తట్టుకుంటాయి’ అందులో అలాగే కనిపిస్తున్నాయి, పైగా మన పశువుల గొప్ప చెబుతోంది. నాకూ అదే నచ్చింది. కానీ ‘అన్ని జాతుల కంటే’ అన్నది ఎక్కడుందో వేలు పెట్టి చూపించమన్నాను. మూడుసార్లు చదివాడు, దొరకలేదు. బి చప్పగా ఉంటుంది, మాటలు కూడా వేరే. అయినా అర్థం మారలేదు. సిలో మాటలు అవే, అర్థం మాత్రం పెరిగింది. నా ఓటు బికే.

బ్యాంకు ఉద్యోగాలకు పెట్టే ఐబీపీఎస్ పరీక్షల్లో తప్పు జవాబుకు ఆ ప్రశ్న మార్కులో పావు వంతు పోతుందని వాడికి టెన్షన్. జవాబులన్నీ ఒకేలా అనిపిస్తే వదిలేయమంటాను. రెండే మిగిలాక మాత్రం వదలొద్దు, ఆ అదనపు మాటను వెతకాలి.