పుస్తకాల అరకు ఏది మేలు: పార్టికల్ బోర్డా, ప్లైవుడ్డా, కడప బండా?

మా ఇంట్లో పార్టికల్ బోర్డు అర పుస్తకాలు సర్దిన రోజు కొద్దిగా వంగింది, అంతే. రెండు వానాకాలాలు గడిచేసరికి నడుమ ఉయ్యాలలా దిగిపోయింది. కొత్తగా ఒక్క పుస్తకమూ పెట్టలేదు. బరువు మారకపోయినా ఏళ్లు గడిచేకొద్దీ వస్తువు ఇలా సాగిపోవడాన్నే ఇంజినీర్లు క్రీప్ అంటారు. కొనేటప్పుడు ‘ఎంత బరువు మోస్తుంది?’ అని అడిగాను గానీ, ‘ఎన్నేళ్లు మోస్తుంది?’ అని అడగలేదు.

మూడడుగుల పొడవు, పది అంగుళాల వెడల్పు, 18 మిల్లీమీటర్ల మందం ఉన్న అర తీసుకుందాం. మీటరుకు 30 కిలోల పుస్తకాలు పెడితే పార్టికల్ బోర్డు మొదట్లోనే సుమారు 8 మిల్లీమీటర్లు వంగుతుంది. ప్లైవుడ్ మూడున్నర, టేకు రెండు. అసలు తేడా ఆ తర్వాత బయటపడుతుంది. ఐరోపా కట్టడాల ప్రమాణం యూరోకోడ్ 5 పొడి గదిలోనే, కాలం గడిచాక తోడయ్యే వంపును ఇలా లెక్కగడుతుంది: మామూలు పార్టికల్ బోర్డుకు మొదటి వంపుకు 2.25 రెట్లు, ప్లైవుడ్‌కు 0.8, టేకు లాంటి కోత చెక్కకు 0.6. అంటే ఆ 8 చివరికి 26 అవుతుంది, ప్లైవుడ్ మాత్రం 6 దగ్గర ఆగుతుంది.

కారణం లోపలి కూర్పే. పార్టికల్ బోర్డులో ఉన్నవి జిగురుతో అంటించిన పొట్టి చెక్క తునకలు. ప్లైవుడ్‌లో ఒక పొర విడిచి ఒక పొరలో నార తెగకుండా పొడవునా ఉంటుంది, బరువును ఎక్కువగా అదే పట్టుకుంటుంది. పైగా చెక్క తేమ పీల్చి మళ్లీ ఆరిన ప్రతిసారీ క్రీప్ ఇంకాస్త ముందుకు జరుగుతుంది. అందుకే విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీర ఊళ్లలో పార్టికల్ బోర్డును పుస్తకాలకు నేను అస్సలు సిఫారసు చేయను. చెమ్మకు ఉబ్బితే స్క్రూల పట్టు కూడా వదిలేస్తుంది.

మరి కడప బండ? పాత ఇళ్ల అలమరల్లో దశాబ్దాలుగా అలాగే ఉంటుంది, కంటికి ఆనేంత కుంగదు. కానీ రాయి నొక్కుడును ఓర్చుకున్నంతగా లాగుడును ఓర్చుకోదు. బరువు పడితే అడుగుభాగం లాగుడుకు గురవుతుంది. అక్కడ సన్నని పగులుంటే ముందు వంగి హెచ్చరించడమనేది ఉండదు, ఒక్కసారిగా విరుగుతుంది. మూడు వైపులా గోడలోకి దూర్చి కట్టిన బండకు ఆ భయం చాలా తక్కువ. రెండు చివర్లే ఆనిన పొడవాటి బండ కింద మాత్రం పిల్లల్ని కూర్చోబెట్టను.

ఇనుప ర్యాకుకు గది వేడిలో క్రీప్ లెక్కలోకే రాదు. టేకు బాగానే ఉంటుంది, ధరే అందదు.

నా ఓటు ప్లైవుడ్‌కే. పై పొర నార పొడవు దిశలో ఉండేలా కోయించండి. ముందంచుకు ఒకటిన్నర అంగుళాల టేకు పట్టీని నిలువుగా బిగిస్తే గట్టితనం బాగా పెరుగుతుంది. ఆనికల మధ్య దూరాన్ని మూడడుగుల నుంచి రెండడుగులకు తగ్గిస్తే వంపు అయిదో వంతుకు పడిపోతుంది. ఇప్పటికే కుంగిన అర ఉంటే పుస్తకాలు దించి, తిరగేసి బిగించండి. మాది అలాగే కొంతవరకు సర్దుకుంది.